సదరంలో శాతం తగ్గించి పెన్షన్ ఆపేస్తామన్నారా? మంచాన ఉన్న మనిషి తరఫున అప్పీల్ ఇలా పెట్టండి

ఇంట్లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషో, పార్కిన్సన్స్ తో చేతులు వణికే పెద్దాయనో, కండరాల క్షీణతతో రోజురోజుకీ తగ్గిపోతున్న పిల్లాడో ఉన్నప్పుడు, గ్రామ, వార్డు సచివాలయం నుంచి "మీ వైకల్యం 40 శాతం కన్నా తక్కువ ఉన్నట్టు తేలింది, పెన్షన్ కి అర్హులు కారు" అని ఓ కాగితం వస్తే ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చాలామంది ఆ కాగితం పట్టుకుని ఎవరో నాయకుడి ఇంటికి పరిగెడతారు, లేదంటే "గవర్నమెంటోళ్ళు తీసేశారు, మనమేం చేస్తాం" అని ఊరుకుంటారు. రెండూ వద్దు. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ సర్టిఫికెట్, ఇచ్చే డాక్టర్ల నిర్ణయం మీద అప్పీల్ చేసుకునే హక్కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్లోనే రాసి ఉంది, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు అది.

నేను ఇది ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ వాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే 2025 జనవరి నుంచి ఇక్కడ దివ్యాంగుల పెన్షన్లు, మంచాన ఉన్నవాళ్ళ పెన్షన్లు మళ్ళీ వెరిఫికేషన్ చేశారు, ఆ ఏడాది ఆగస్టులో చాలా ఇళ్ళకి నోటీసులు వెళ్ళాయి, జనం రోడ్డెక్కాక అప్పీల్ కి అవకాశం ఇచ్చారు. తెలంగాణ వాళ్ళకి తేడా ఉన్నచోట చెప్తాను, మిగతాది చాలావరకు ఇద్దరికీ ఒకటే.

ముందు అసలు ఏం నిర్ణయం జరిగిందో తేల్చుకోండి

ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే "పెన్షన్ పోయింది" అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేరు వేరు సంగతులు ఉంటాయి, ఒక్కోదానికి వెళ్ళాల్సిన చోటు వేరు, చూపించాల్సిన కాగితం వేరు.

మొదటి రకం, శాతం మీదో కేటగిరీ మీదో వచ్చేది. ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా పెన్షన్ పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000 ఇస్తున్నారు, పక్షవాతంతోనో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో, యాక్సిడెంట్ వల్లో మంచానికో వీల్ చైర్ కో పరిమితమైపోయిన వాళ్ళకి 15,000, డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకి, కిడ్నీ లివర్ గుండె మార్పిడి చేయించుకున్న వాళ్ళకి 10,000, మామూలు వృద్ధాప్య పెన్షన్ 4,000. కాబట్టి మీ వాళ్ళకి వచ్చింది పూర్తిగా రద్దు నోటీసా, లేక 15,000 నుంచి 6,000 కేటగిరీకి మార్చారా, లేక వయసు ఉంది కదా అని 4,000 వృద్ధాప్యంలోకి తోసేశారా అన్నది చూడండి. కేటగిరీ మార్చినప్పుడు "ఏదో ఒకటి వస్తోంది కదా" అని చాలామంది నోరు మెదపరు, కానీ 15,000 కి 6,000 కి మధ్య 9,000 తేడా ఉంది, మంచాన ఉన్న మనిషికి డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ అన్నీ ఆ తేడాలోంచే రావాలి. కేటగిరీ మార్పు మీద కూడా అప్పీల్ పెట్టండి.

రెండో రకం, శాతంతో సంబంధం లేనిది. సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటారే, అర్హత ఉందో లేదో ప్రభుత్వ డేటాలో చూసే తనిఖీ, అందులో కరెంటు యూనిట్లు, పొలం, ఫోర్ వీలర్, ఇన్ కమ్ ట్యాక్స్, గవర్నమెంటు ఉద్యోగం, ఇంటి ఆదాయం, ఇలాంటివాటిలో ఏదో ఒకటి తగిలి ఆగితే మీరు హాస్పిటల్ చుట్టూ తిరిగి లాభం లేదు. అక్కడ తప్పు డేటాలో ఉంటుంది. అద్దెకున్న వాళ్ళ మీటరు మీ ఆధార్ కి లింకై ఉంటుంది, ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరు మీదే ఉంటుంది, లేకపోతే పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్న కొడుకు ఉద్యోగం ఇంకా ఈ ఇంటి లెక్కలోనే ఉంటుంది. బతుకుదెరువు కోసం నడిపే టాక్సీ, ఆటో, ట్రాక్టర్ కి మినహాయింపు ఉంది, అది కూడా కొన్నిసార్లు కారు కింద పడిపోతుంది. దీనికి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర ఏ స్టెప్ లో ఆగిందో స్క్రీన్ మీద చూపించమని అడిగి, ఆ శాఖ దగ్గర కరెక్షన్ చేయించుకోవాలి, కరెంటుదైతే కరెంటాఫీసు, భూమిదైతే తహసీల్దారు, బండిదైతే ఆర్టీవో ఆఫీసు.

మూడోది, సర్టిఫికెట్ టెంపరరీ అని గడువు అయిపోవడం. ఇది రద్దు కాదు, మళ్ళీ పరీక్షకి స్లాట్ బుక్ చేసుకోవాలి అంతే, కానీ స్లాట్ దొరికేదాకా పెన్షన్ ఆగే ప్రమాదం ఉంది కాబట్టి దాని గురించి కూడా రాతపూర్వకంగా అడగాలి.

నోటీసు చేతికి రాకుండా నోటిమాటగా "మీది తీసేశారు" అంటే ఒప్పుకోవద్దు. "అయ్యా, కారణం రాసి ఇవ్వండి" అని గట్టిగానే అడగండి. సర్టిఫికెట్ కి అనర్హులని తేలిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలియజేయాలని కేంద్ర రూల్స్ లోనే ఉంది. కాగితం చేతికొచ్చిన రోజు తేదీ దాని వెనకే పెన్నుతో రాసి పెట్టుకోండి, ఎందుకంటే అప్పీల్ గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది, నోటీసు మీద ఎన్ని రోజులని ఉందో చూసి అందులో సగం రోజుల్లోపే ఇచ్చేసేలా ప్లాన్ చేసుకోండి. సాక్ష్యాలు అన్నీ దొరకలేదని ఆగొద్దు, అప్పీల్ ముందు పడేసి "మిగతా కాగితాలు తర్వాత సమర్పిస్తాను" అని ఒక లైను రాస్తే సరిపోతుంది.

డాక్టర్లు కొలిచేది జబ్బుని కాదు

అప్పీళ్ళలో ఎక్కువ భాగం దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను.

మనం మన మనిషిని చూసి "ఇంత పెద్ద జబ్బు, ఇన్ని ఆపరేషన్లు, ఇన్ని లక్షలు ఖర్చు, ఇంకా 40 శాతం కూడా లేదంటారా" అని అడుగుతాం. మన బాధ న్యాయమే, కానీ మెడికల్ బోర్డులో ఉన్న డాక్టరు ముందున్న ఫారంలో జబ్బు ఎంత పెద్దది అనే గడి లేదు. శరీరంలో ఏ భాగం పని ఎంత పోయింది, అది తిరిగి వస్తుందా రాదా, అదే ఉంటుంది. కేంద్రం 2018లో ఇచ్చి 2024లో సవరించిన గైడ్ లైన్స్ ప్రకారం కీళ్ళ కదలిక, కండరాల బలం, పట్టు, నడక, ఇలా విడివిడిగా కొలిచి శాతం కడతారు.

చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మానసిక వ్యాధులు కూడా అందులో ఉన్నాయి, ఈ సంగతి తెలియక అసలు అప్లై చేయనివాళ్ళు ఉన్నారు. కానీ క్యాన్సర్, గుండె జబ్బు, లివర్ పాడవడం ఆ పేర్లతో లిస్టులో లేవు. క్యాన్సర్ వల్ల కాలు తీసేసినా, వెన్నెముకకి పాకి నడుము కింద చచ్చుబడినా అప్పుడు అది చలన వైకల్యం కింద వస్తుంది. అంటే మీ అప్పీల్ లో "మా నాన్నకి క్యాన్సర్ నాలుగో స్టేజీ" అని మాత్రమే రాస్తే బోర్డుకి దానితో పనిలేదు, "వెన్నెముకలో గడ్డ వల్ల రెండు కాళ్ళూ కదలవు, మూత్రం మీద అదుపు లేదు" అని రాస్తే పని ఉంటుంది. కిడ్నీ డయాలసిస్ వాళ్ళు ఈ శాతాల గొడవలోకి వెళ్ళకుండా ఆంధ్రలో ఆ 10,000 కేటగిరీకే అప్లై చేయాలి, తెలంగాణలో డయాలసిస్ రోగులకి విడిగా 2,016 పెన్షన్ ఉంది.

ఇంకో ముఖ్యమైన లెక్క. ఒక మనిషికి రెండు రకాల వైకల్యాలు ఉంటే రెండూ కొలిపించాలి. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళకి వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, మాట పోవడం మామూలే, కానీ స్లాట్ ఆర్థో అని బుక్ చేస్తే ఆర్థో ఒక్కటే చూసి పంపేస్తారు. రెండు శాతాలని నేరుగా కూడరు, దానికో సూత్రం ఉంది. పెద్ద శాతం తీసుకుని, 90 లోంచి దాన్ని తీసేసి, మిగిలిందాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించి, వచ్చింది పెద్ద శాతానికి కలుపుతారు. ఉదాహరణకి కాలు చెయ్యికి 36, వినికిడికి 20 అనుకుందాం, 90లోంచి 36 పోతే 54, దాన్ని 20తో గుణిస్తే 1,080, 90తో భాగిస్తే 12, మొత్తం 48. అంటే విడివిడిగా రెండూ 40 లోపే, కలిపితే దాటింది. ఒక్క చెవి పరీక్ష చేయించకపోవడం వల్ల పెన్షన్ పోయిన ఇల్లు ఉంటుందంటే ఆశ్చర్యం లేదు. మీ నోటీసులోనో సర్టిఫికెట్ లోనో ఏయే వైకల్యాలు కొలిచారో చూడండి, వదిలేసినది ఉంటే అదే మీ అప్పీల్ లో మొదటి పాయింట్.

కాగితాలు, అందులో ఏది పనికొస్తుంది

ఇంట్లో కవర్ల కొద్దీ రిపోర్టులు ఉంటాయి, అన్నీ తీసుకెళ్ళి బల్ల మీద పోస్తే ఎవరూ చదవరు. పనికొచ్చేవి ఇవి: పాత సదరం సర్టిఫికెట్, అందులో పర్మనెంట్ అని ఉంటే అది బంగారం లాంటి కాగితం, జాగ్రత్తగా స్కాన్ చేసి పెట్టుకోండి, కొత్త సర్టిఫికెట్ లేదా నోటీసు, డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు (ఫిల్ములు బోర్డుకి తీసుకెళ్ళండి గానీ అప్పీల్ కి జత చేయక్కర్లేదు), ఇప్పుడు చూస్తున్న డాక్టరు ఇచ్చిన తాజా లెటరు. హాస్పిటల్ వాళ్ళు పాత రికార్డులు ఇవ్వం అంటే, రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్నవాళ్ళు గానీ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ రెగ్యులేషన్స్ లో ఉంది, ఆ మాట ప్రస్తావిస్తూ ఒక అర్జీ రాసి ఇవ్వండి.

డాక్టర్ లెటర్ గురించి. "ఈయనకి పక్షవాతం, బెడ్ రెస్ట్ అవసరం" అని రాయించుకుంటే అది లీవు లెటర్ లాగా ఉంటుంది గానీ అప్పీల్ కి బలం ఇవ్వదు. డాక్టరు గారిని మర్యాదగా ఇలా అడగండి: జబ్బు ఎప్పుడు వచ్చింది, ఏ వైపు ఏ అవయవం, కండరాల బలం గ్రేడు ఎంత, మనిషి సాయం లేకుండా లేవగలరా కూర్చోగలరా నడవగలరా, మూత్రం మలం మీద అదుపు ఉందా, ఇంకా మెరుగయ్యే అవకాశం ఉందా లేదా, ఇవి రాయమనండి. ముఖ్యంగా ఆ చివరిది, ఎందుకంటే టెంపరరీనా పర్మనెంటా అన్నది దాని మీదే తేలుతుంది. గవర్నమెంట్ హాస్పిటల్ స్పెషలిస్టు రాసిస్తే బోర్డు ఎక్కువ విలువ ఇస్తుంది, ప్రైవేటు వాళ్ళదైనా రిజిస్ట్రేషన్ నంబరు, సీలు ఉండాలి.

డాక్టర్ రాయలేనిది మీరు రాయాలి, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో. ఒక వారం పాటు నోట్ బుక్ లో రాయండి, ఎవరికో చూపించడానికి కాదన్నట్టు ఉన్నది ఉన్నట్టు రాయండి. మా బాబాయ్ కోసం పిన్ని చేత రాయించాం, ఆవిడ పెద్దగా చదువుకోలేదు, ఆవిడ చెప్తుంటే చెల్లి రాసింది. "పొద్దున ఆరింటికి పక్క తడిసింది, ఇద్దరం పట్టుకుని తిప్పి బట్టలు మార్చాం. ఎడమ చేత్తో అన్నం కలపబోతే కంచం జారింది, నేనే పెట్టాను. మధ్యాహ్నం తనే లేస్తానని మంచం దిగబోయి గోడకి ఒరిగిపోయారు." ఇలాంటి వాక్యాలు పది రిపోర్టులు చెప్పలేనిది చెప్తాయి. "చాలా ఇబ్బంది పడుతున్నారు, దయచేసి కరుణించండి" అనే మాట ఎవరినీ కదిలించదు, రోజుకి వంద అర్జీల్లో అదే మాట ఉంటుంది. వీలైతే మంచం దింపేటప్పుడు, వీల్ చైర్ లోకి ఎక్కించేటప్పుడు ఒకట్రెండు చిన్న వీడియోలు ఫోన్ లో తీసి పెట్టుకోండి, కానీ ముందు ఆ మనిషిని అడిగి తీయండి, మంచాన ఉన్నంత మాత్రాన సిగ్గు అభిమానం ఎక్కడికీ పోవు.

అప్పీల్ రాయడం

తెలుగులోనే రాయండి, చేతిరాతైనా పర్లేదు, రెండు పేజీలు దాటొద్దు. పెన్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ పేరు మీదే ఉండాలి, సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర వేయించి, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు, కింద "పై వ్యక్తి తరఫున నేను, ఫలానా, భార్యని, ఈ అర్జీ సమర్పిస్తున్నాను" అని ఉంటే సరిపోతుంది. నమూనా ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి. విషయం: దివ్యాంగ పెన్షన్ రద్దు నోటీసుపై అప్పీల్, పునఃపరీక్షకు వినతి. నా పెన్షన్ ఐడీ ఫలానా, సదరం ఐడీ ఫలానా. నాకు ఫలానా సంవత్సరంలో మెదడులో రక్తనాళం మూసుకుపోయి కుడి కాలు, కుడి చెయ్యి చచ్చుబడ్డాయి. అప్పుడు సదరంలో ఇంత శాతం, శాశ్వతం అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఫలానా తేదీన జరిగిన పరీక్షలో ఇంత శాతానికి తగ్గించినట్టు ఫలానా తేదీన నోటీసు అందింది. ఈ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు. కారణాలు: ఒకటి, నా ఆరోగ్యం అప్పటికన్నా మెరుగుపడలేదని ఇప్పుడు వైద్యం చేస్తున్న డాక్టరు గారి లేఖ జతచేశాను. రెండు, నా వినికిడి లోపాన్ని పరీక్షించలేదు. మూడు, నా చేతి పట్టును పరీక్షించలేదు. కాబట్టి వేరే మెడికల్ బోర్డుతో అన్ని వైకల్యాలూ పరీక్షింపజేయాలని, అప్పీల్ తేలేవరకు పెన్షన్ కొనసాగించాలని, నేను మంచం దిగలేను కాబట్టి ఇంటి వద్దే పరీక్ష చేయించాలని కోరుతున్నాను."

గమనించండి, ఇందులో ప్రతి కారణం వెనక ఒక కాగితమో, జరగని ఒక పరీక్షో ఉంది. డాక్టర్ల మీద ఆరోపణలు, రాజకీయాలు, ఊళ్ళో "ఫలానావాడికి ఏమీ లేకపోయినా ఇస్తున్నారు" అనే మాటలు రాయొద్దు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ పక్కవాడి పెన్షన్ పోతే మీది రాదు.

"పెన్షన్ కొనసాగించాలి" అన్న ముక్క మాత్రం మర్చిపోవద్దు. 2025 ఆగస్టు నోటీసుల గొడవ తర్వాత అప్పీల్ పెట్టుకున్నవాళ్ళకి మళ్ళీ పరీక్ష అయ్యేదాకా ఆపొద్దని ప్రభుత్వమే చెప్పింది, అడగనిదే కింది స్థాయిలో గుర్తు చేసేవాళ్ళు ఉండరు.

ఎక్కడ ఇవ్వాలంటే పల్లెల్లో ఎంపీడీవో ఆఫీసు, టౌన్లలో మున్సిపల్ కమిషనర్ ఆఫీసు, సచివాలయం ద్వారా కూడా వెళ్తుంది. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీ, సంతకం, సీలు వేయించుకుని తెచ్చుకోండి. "పెట్టేసి వెళ్ళండమ్మా, చూస్తాం" అంటే "అకనాలెడ్జ్ మెంట్ ఇచ్చేదాకా కూర్చుంటాం సార్" అని మెల్లగానే చెప్పి కూర్చోండి. అస్సలు ఇవ్వకపోతే పోస్టాఫీసుకి వెళ్ళి స్పీడ్ పోస్టులో పంపండి. దీంతోపాటు సోమవారం కలెక్టరేట్ లో జరిగే పీజీఆర్ఎస్ (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) లో కూడా ఒక కాపీ ఇవ్వండి, అక్కడ అర్జీకి నంబరు వస్తుంది, 1100 కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే ఎక్కడుందో తెలుసుకోవచ్చు. తెలంగాణలో అయితే చేయూత పెన్షన్ పథకం కింద దివ్యాంగులకి 4,016 వస్తుంది, అర్జీ ఎంపీడీవోకి, జిల్లా గ్రామీణాభివృద్ధి ఆఫీసుకి, సోమవారం ప్రజావాణిలో.

మళ్ళీ పరీక్షకి పిలిచిన రోజు

ఆ గదిలో జరిగేది కొన్ని నిమిషాలే. బయట క్యూలో గంటలు, లోపల "పేరేంటి, చెయ్యెత్తండి, వేళ్ళు ముడవండి, నడవండి" అంతే. ఇక్కడ మన పెద్దవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, డాక్టరు ముందు తక్కువ కాకూడదని ఉన్న శక్తంతా కూడగట్టుకుని చేసి చూపిస్తారు. మా బాబాయ్ అలాగే చేశాడు, చెయ్యి ఎత్తమంటే పళ్ళు బిగబట్టి భుజం దాకా ఎత్తాడు, రెండు క్షణాలు, తర్వాత అది దానంతట అదే పడిపోయింది, కానీ డాక్టరు అప్పటికే రాసేసుకున్నారు. పిన్ని తర్వాత "ఏంటండీ ఆ పంతం" అంటే, "ఆయన ముందు చేతకానోడిలా కూర్చోమంటావా" అన్నాడు. తప్పు పట్టలేం. అందుకే వెళ్ళేముందే కూర్చోబెట్టి చెప్పండి, నటించమని కాదు, ఉన్నది దాచొద్దని. "బాబాయ్, ఇంట్లో ఎలా ఉంటావో అక్కడా అలాగే ఉండు, నొప్పొస్తే నొప్పి అని చెప్పు, ఆగిపోతే ఆగిపో." లేనిది ఉన్నట్టు చూపించమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, డాక్టర్లకి తెలిసిపోతుంది, నిజమైన కేసు కూడా అనుమానంలో పడుతుంది.

తోడు వెళ్ళేది ఎవరో ఒకరు కాదు, రోజూ స్నానం చేయించే మనిషే వెళ్ళాలి. డాక్టరు అడిగితే ఆవిడే చెప్పగలదు. లోపలికి రానివ్వకపోతే "మాట సరిగ్గా రాదు సార్, నేను ఉంటేనే చెప్పగలరు" అని అడగండి. వాడే వీల్ చైర్, వాకర్, యూరిన్ బ్యాగు ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్ళండి, గుమ్మం దగ్గర వదిలేసి మోసుకుని లోపలికి తీసుకెళ్ళొద్దు. ఒక చిన్న కాగితం మీద, "ఇంకా చూడాల్సినవి: చెవులు, చేతి పట్టు, మూత్రం అదుపు" అని రాసుకెళ్ళి బయటికి వచ్చేముందు చూసుకోండి, ఏదైనా చూడకపోతే అక్కడే అడగండి. అడగడానికి భయపడొద్దు, గౌరవంగా అడిగితే చాలామంది డాక్టర్లు చూస్తారు, వాళ్ళకి కూడా బయట వందమంది ఉంటారు కాబట్టి తొందరలో ఉంటారు. ఇంటికొచ్చాక ఏం అడిగారు, ఏం పరీక్షించారు, ఏం వదిలేశారు అన్నది ఆ రోజే రాసి పెట్టండి.

అసలు కదల్చలేని మనిషైతే అంబులెన్సులో వేసి తీసుకెళ్ళి ఎండలో క్యూలో పడుకోబెట్టడం కన్నా ముందే ఇంటి దగ్గర పరీక్షకి అడగండి. 15,000 రూపాయల పెన్షన్ల వెరిఫికేషన్ కి డాక్టర్ల టీములు ఇళ్ళకే వచ్చాయి కాబట్టి అది కుదరని పని కాదు. హాస్పిటల్ సూపరింటెండెంటుకి, ఎంపీడీవోకి, కలెక్టర్ కి ముగ్గురికీ అర్జీ పెట్టండి, ప్రయాణం చేయిస్తే ప్రమాదమని డాక్టరు లెటరు జత చేయండి. స్లాట్ రోజు వెళ్ళలేకపోతే ఊరుకోవద్దు, రాలేకపోయిన కారణం ముందే రాసివ్వకపోతే "గైర్హాజరు" అని పెట్టి పెన్షన్ ఆపుతారు.

అప్పుడు కూడా కాదంటే

ముందు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ. మీకు చేతికొచ్చిన సర్టిఫికెట్ లో చివరి శాతం ఒక్కటే ఉంటుంది, దాని వెనక లెక్క హాస్పిటల్లో ఉంటుంది. హాస్పిటల్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ కి, రోగి పేరు మీదే, "నా పరీక్షకు సంబంధించిన అసెస్ మెంట్ షీట్, అవయవాల వారీగా ఇచ్చిన శాతాలు, పరీక్షించిన డాక్టర్ల హోదాలు, వాడిన గైడ్ లైన్స్ కాపీ ఇవ్వండి" అని అడగండి. ఫీజు 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసుకైతే 5, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నట్టు కార్డు జిరాక్స్ పెడితే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోయినా నచ్చకపోయినా ఆ తర్వాత 30 రోజుల్లో అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీల్. "ఎందుకు తగ్గించారు" అని ప్రశ్న రూపంలో అడిగితే తోసిపుచ్చుతారు, "ఫలానా కాగితం కాపీ" అనే అడగాలి. ఆ షీట్ చేతికొస్తే ఏ అవయవం దగ్గర సున్నా వేశారో కనిపిస్తుంది, తర్వాత అప్పీల్ అంతా ఆ సున్నా చుట్టూనే రాయొచ్చు.

తర్వాత దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్. 2016 చట్టం కింద ఈ కమిషనర్ కి సివిల్ కోర్టుకి ఉన్నట్టు అధికారుల్ని పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం ఉంది. ఫిర్యాదుకి లాయర్ అవసరం లేదు, తెల్లకాగితం మీద అర్జీ, ఇప్పటిదాకా ఇచ్చిన అప్పీళ్ళ కాపీలు, అకనాలెడ్జ్ మెంట్లు జత చేసి పోస్టులో పంపొచ్చు. అందుకే మొదటి నుంచీ సీళ్ళు వేయించుకోమని అంతలా చెప్పింది.

లాయర్ కావాలంటే డబ్బు పెట్టాల్సిన పనిలేదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఉచిత న్యాయసాయం హక్కు, ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100 కి ఫోన్ చేసినా చెప్తారు. అక్కడ "శాతం తగ్గించారు కాబట్టి నేను దివ్యాంగుణ్ణి కాదంటారేమో" అని సందేహించొద్దు, భార్య పేరు మీద అడిగినా, కులం మీద అడిగినా అర్హత ఉంటుంది. హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే కూడా వాళ్ళే దారి చూపిస్తారు. కారణం చెప్పకుండా, వినే అవకాశం ఇవ్వకుండా పెన్షన్ తీసేయడం లాంటివి రిట్ లో బలమైన పాయింట్లు, అదే శాతం సరైనదా కాదా అనేది కోర్టు తనంతట తాను తేల్చదు, మళ్ళీ బోర్డుకే పంపుతుంది, కాబట్టి కోర్టుకి వెళ్ళినా సాక్ష్యం సాక్ష్యమే.

దళారుల గురించి ఒక మాట. "ఇంత ఇస్తే శాతం పెంచి ఇప్పిస్తా" అని హాస్పిటల్ గేటు దగ్గరే తగులుతారు. డబ్బు పోవడం ఒక్కటే కాదు, ఆ సర్టిఫికెట్ తర్వాత వెరిఫికేషన్ లో పట్టుబడితే నిజంగా మంచాన ఉన్న మనిషి దొంగ సర్టిఫికెట్ వాడిగా మిగిలిపోతాడు, ఆపైన ఏ బోర్డూ నమ్మదు.

అప్పీల్ గెలిస్తే రెండు పనులు వెంటనే చేయండి. ఆగిన నెలల డబ్బు బకాయిగా ఇవ్వమని విడిగా ఒక అర్జీ పెట్టండి, అడగకపోతే వచ్చే నెల నుంచే మొదలుపెడతారు. రెండోది, కొత్త సర్టిఫికెట్ లో పేరు, ఆధార్, వైకల్యం రకం, పర్మనెంటా టెంపరరీనా అన్నది అక్కడే చదివి చూసుకోండి. టెంపరరీ అయితే గడువు ముగిసే తేదీకి మూడు నెలల ముందే ఫోన్ లో రిమైండర్ పెట్టుకుని, సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో కనుక్కుంటూ ఉండండి.